డబ్బు జమైన నిమిషంలోనే ఫైలు చేరాలంటే: సరిహద్దు ఊరి నుంచి పీడీఎఫ్ పుస్తకాలు అమ్మే పద్ధతి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో తెలుగు ఇళ్లలో పెరుగుతూ ఒడియా మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుకొనే పిల్లల కోసం నేను నలభై పుటల అక్షరాల పుస్తకం ఒకటి తయారుచేసి, తొంభై తొమ్మిది రూపాయలకు పీడీఎఫ్ రూపంలో అమ్ముతున్నాను. మొదట్లో నా పద్ధతి చాలా సులువు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపేవాడిని, వారు డబ్బు కట్టి స్క్రీన్‌షాట్ పంపేవారు, నేను ఫైలు పంపేవాడిని. ఒక రాత్రి గుణుపురంలో పెళ్లికి వెళ్లి ఫోను పట్టించుకోకపోవడంతో, రాయగడలో ఒక తల్లి ఎనిమిదిన్నరకు డబ్బు కట్టి మరునాటి మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, చివరికి డబ్బు తిరిగి ఇచ్చేయమని అడిగారు. ఆ తరువాత నెలలో ఒక స్క్రీన్‌షాట్ చూసి ఫైలు పంపాక, బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు అసలు పడనే లేదని తెలిసింది.

ఈ రెండు చిక్కులకూ మూలం ఒకటే. డబ్బు అందిందన్న కబురు నాకు కొనుగోలుదారు నోట వచ్చేది, ఫైలు నా చేతి మీదుగా వెళ్లేది. ఆ కబురు చెల్లింపు గేట్‌వే (కొన్నవారి నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకొని మీ ఖాతాకు చేర్చే సేవ) నుంచి నేరుగా మీ దుకాణానికి చేరి, దుకాణమే ఫైలును అందించాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క ఏర్పాటును గట్టిగా నిలబెట్టడానికే. నేను వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైటు సాఫ్ట్‌వేరు మీద, దానికి దుకాణాన్ని జోడించే వూకామర్స్ అనే ప్లగిన్‌ను (అదనపు భాగాన్ని), చెల్లింపులకు రేజర్‌పే అనే గేట్‌వేను వాడుతున్నాను కనుక వాటి మాటలలోనే చెబుతాను. క్యాష్‌ఫ్రీ, పేయూ వంటివి ఎంచుకున్నా పని జరిగే తీరు ఇదే.

ముందుగా ఫైలు

దుకాణం తెరవడానికి ముందే ఫైలును ఫోనులో తెరిచి చూడండి, ఎందుకంటే మీ కొనుగోలుదారులలో ఎక్కువ మంది దానిని ఫోనులోనే తెరుస్తారు. జిప్ ఫైలుగా ఇవ్వకండి. దానిని విప్పడం తెలియక ఫోను చేసేవారికి జవాబు చెప్పడంలోనే మీ సాయంత్రాలు గడిచిపోతాయి. ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు అక్షరాల పేర్లు కొన్ని ఫోన్లలో శాతం గుర్తులుగా, అంకెలుగా మారి కనిపిస్తాయి. మహేంద్రగిరి వైపు పల్లెలలో సిగ్నలు ఒక గీత, రెండు గీతల మధ్య ఊగుతూ ఉంటుంది కనుక ఫైలు ఐదు ఎంబీ దాటకుండా చూసుకోవడం మంచిది. గీతల బొమ్మలను స్కాన్ చేయకుండా వెక్టర్ రూపంలోనే (చుక్కలుగా కాక గీతలుగానే) ఉంచితే పరిమాణం దానంతట అదే తగ్గుతుంది.

ఫాంట్ల విషయంలో కాస్త నిలబడి ఆలోచించాలి. డీటీపీ దుకాణాలలో వాడే పాత ఫాంట్లు చాలావరకు డబ్బు పెట్టి కొనుక్కోవలసినవి, పైగా యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి) కానివి. వాటితో చేసిన పీడీఎఫ్‌లో ఒక మాటను వెతికినా దొరకదు, నకలు చేసి మరోచోట అతికిస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి. మండలి, రామభద్ర, సూరన్న, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి. వాటితో తయారుచేసిన పుస్తకాన్ని అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అటువంటిదే అయిన గిడుగు అనే ఫాంటును నేను ముఖపత్రానికి వాడాను. గిడుగు వెంకట రామమూర్తి ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అందులో కలిసినప్పుడు ఆయన ఇక్కడ ఉండలేక రాజమండ్రికి తరలిపోయారు. అయితే ఆ ఫాంటు శీర్షికలకు బాగుంటుంది గానీ, పిల్లలు దిద్దే అక్షరాలకు పనికిరాదు; లోపలి పుటలకు సాదా రూపం ఉన్నదానినే తీసుకోండి. పీడీఎఫ్ తయారయ్యాక దాని వివరాలలో ఫాంట్లు ఫైలులోనే పొదిగి ఉన్నాయో లేదో చూడండి. పొదగకపోతే మీ కంప్యూటరులో చక్కగా కనిపించిన వత్తులు కొనుగోలుదారు ఫోనులో చెదిరిపోవచ్చు.

బొమ్మలు మీరు గీసినవో, అమ్మకానికి వాడుకొనే హక్కుతో తీసుకున్నవో అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన బొమ్మ ఉచితమైనది అనుకోవడం పొరపాటు.

దుకాణం, గేట్‌వే ఖాతా

ఒక డొమైను పేరు, వర్డ్‌ప్రెస్ నడిచే హోస్టింగు (సైటును ఉంచే అద్దె సర్వరు), సైటుకు పంపే వివరాలను మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ ధ్రువపత్రం కావాలి. ఈ ధ్రువపత్రం లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగానే వస్తుంది. గేట్‌వే వారు ఖాతా ఇచ్చే ముందు మీ పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు వెబ్‌సైటును కూడా పరిశీలిస్తారు. నిబంధనలు, గోప్యత, డబ్బు వాపసు, సంప్రదింపు వివరాలు, సరకు చేరవేత అన్న ఐదు పుటలను సిద్ధంగా ఉంచుకొని దరఖాస్తు చేయండి. అమ్మేది ఫైలు కదా, చేరవేత పుట ఎందుకని నేను మొదట వదిలేశాను. దరఖాస్తు వెనక్కి వచ్చింది. చెల్లింపు పూర్తికాగానే డౌన్‌లోడ్ లింకు పుట మీదా, ఈమెయిలులోనూ అందుతుందని, తపాలాలో ఏమీ రాదని ఆ పుటలో రెండు వాక్యాలు రాస్తే సరిపోయింది.

ఖర్చు ముందే లెక్క వేసుకోండి. గేట్‌వే రుసుము రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 99 రూపాయలలో రెండు రూపాయల 34 పైసలు పోయి 96 రూపాయల 66 పైసలు మీకు జమ అవుతాయి. విదేశీ దుకాణ వేదికలు కొన్ని ప్రతి అమ్మకం మీద శాతంతో పాటు సెంట్లలో స్థిర రుసుము కూడా తీసుకుంటాయి. వంద రూపాయల లోపు వస్తువుకు అది గిట్టదు. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులను ఆపివేసింది కనుక ఇక్కడివారికి అమ్మడానికి దాని ఊసే అక్కరలేదు.

వస్తువును నమోదు చేసేటప్పుడు రెండు గడులు

వూకామర్స్‌లో కొత్త ఉత్పత్తిని చేర్చేటప్పుడు ధర పైభాగాన ‘వర్చువల్’, ‘డౌన్‌లోడబుల్’ అనే రెండు గడులు కనిపిస్తాయి. రెండింటిలోనూ టిక్కు పెట్టాలి. డౌన్‌లోడబుల్ ఒక్కటే టిక్కు పెట్టి వర్చువల్‌ను వదిలేస్తే, ఇంకా ఏదో పార్సిలు పంపవలసి ఉందని వూకామర్స్ భావించి, డబ్బు అందినా ఆర్డరును ‘ప్రాసెసింగ్’ దశలోనే నిలిపి ఉంచుతుంది. రెండూ ఉంటే ఆర్డరు నేరుగా ‘కంప్లీటెడ్’కు వెళ్లి, లింకు ఉన్న ఈమెయిలు బయలుదేరుతుంది.

డౌన్‌లోడ్ పరిమితి, గడువు అన్న రెండు ఖానాలను కూడా ఇక్కడే నింపాలి. ఒక్కసారి మాత్రమే అని పెట్టాలనిపిస్తుంది గానీ, అలా పెట్టకండి. మధ్యలో సిగ్నలు తెగిన ప్రయత్నం కూడా లెక్కలోకి రావచ్చు, అప్పుడు నిజాయితీగా కొన్నవారే బయట నిలబడతారు. ఐదు సార్లు, ముప్పై రోజులు అన్నది నా అనుభవంలో సరిపోయింది.

చెల్లింపు పుటలో ఇంటి చిరునామా, పిన్‌కోడ్ వంటివి అడగకండి. పేరు, ఈమెయిలు, ఫోను నంబరు చాలు.

అసలు కీలకం: వెబ్‌హుక్

కొనుగోలుదారు యూపీఐ పిన్ కొట్టిన తరువాత, డబ్బు అందిందన్న సంగతి మీ దుకాణానికి రెండు దారులలో చేరవచ్చు. మొదటిది కొనుగోలుదారు ఫోనులోని బ్రౌజరు తిరిగి మీ పుటకు రావడం. రెండవది గేట్‌వే వారి సర్వరు మీ సర్వరుకు నేరుగా కబురు పంపడం. దీనినే వెబ్‌హుక్ అంటారు. మొదటి దారిని నమ్ముకోవడానికి లేదు. యూపీఐ యాప్ తెరుచుకున్నప్పుడు చవక ఫోన్లు వెనుక ఉన్న బ్రౌజరును మూసివేస్తాయి. పిన్ కొట్టాక పని అయిపోయిందనుకొని చాలామంది యాప్‌లోనే ఉండిపోతారు. బస్సు కాశీనగరం దాటాక నెట్ పోవచ్చు. ఖాతా నుంచి డబ్బు మాత్రం తెగుతుంది. అప్పుడు ఆర్డరు ‘పెండింగ్’ అని చూపిస్తూ ఉంటే, కొన్నవారు మోసపోయామని అనుకోవడంలో తప్పు లేదు. వెబ్‌హుక్‌కు కొనుగోలుదారు ఫోనుతో సంబంధం ఉండదు కనుక ఈ చిక్కులేవీ దానిని ఆపలేవు.

దీనిని అమర్చడానికి రేజర్‌పే ప్లగిన్‌ను వూకామర్స్‌లో స్థాపించి, గేట్‌వే డ్యాష్‌బోర్డు (మీ ఖాతా నిర్వహణ పుట) నుంచి తెచ్చిన కీలను (మీ దుకాణాన్ని గేట్‌వే గుర్తుపట్టే సంకేతాలను) అందులో నమోదు చేయండి. ఆ తరువాత వెబ్‌హుక్ భాగంలో మీ దుకాణం చిరునామా, ఒక రహస్య పదం, ఏయే సంఘటనలకు కబురు పంపాలి అన్నవి ఉంటాయి. ప్లగిన్ తానే వీటిని నింపినా సరే, ఒకసారి డ్యాష్‌బోర్డులోకి వెళ్లి కళ్లతో చూసి నిర్ధారించుకోండి. రహస్య పదం రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. గేట్‌వే తాను పంపే ప్రతి కబురుకూ ఆ పదంతో లెక్కగట్టిన ఒక సంతకాన్ని జోడిస్తుంది. మీ దుకాణం అదే లెక్కను మళ్లీ వేసి, సంతకం సరిపోలితేనే కబురును నమ్ముతుంది. ఈ సరిపోల్చడం లేకపోతే, ఎవరైనా డబ్బు కట్టినట్టు దొంగ కబురు పంపి ఫైలు తీసుకుపోవచ్చు. అప్పుడు మనం స్క్రీన్‌షాట్ కాలానికే తిరిగి వెళ్లినట్టు.

మరో సంగతి. గేట్‌వేలో చెల్లింపు మొదట ‘ఆథరైజ్డ్’ (కొన్నవారి బ్యాంకు ఆమోదించినట్టు) అవుతుంది, ఆ తరువాత ‘క్యాప్చర్డ్’ అవుతుంది. క్యాప్చర్ అయితేనే డబ్బు మీది. ఇది దానంతట అదే జరిగేలా సెట్టింగు పెట్టండి. లేకపోతే గడువు దాటాక డబ్బు కొన్నవారికి తిరిగి వెళ్లిపోతుంది, ఫైలు మాత్రం వారి దగ్గరే ఉంటుంది.

ప్లగిన్ లేకుండా సొంతంగా కోడ్ రాసేవారు నాలుగు జాగ్రత్తలు తీసుకోవాలి. కబురు ఏ రూపంలో వచ్చిందో అదే ముడి రూపం మీద సంతకాన్ని సరిచూడాలి. మొత్తం పైసలలో వస్తుంది కనుక 99 రూపాయలను 9900గా పోల్చాలి. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు కనుక, ఒకసారి ఫైలు ఇచ్చిన ఆర్డరుకు మళ్లీ ఈమెయిలు పోకుండా చూడాలి. ఈమెయిలు పంపే పనిని తరువాతకు వాయిదా వేసి, కబురు అందిందన్న జవాబును ముందుగా, కొన్ని సెకన్లలోనే ఇవ్వాలి. జవాబు రాకపోతే రేజర్‌పే 24 గంటల వరకు అదే కబురును మళ్లీ మళ్లీ పంపుతుంది. అందువల్ల మీ సర్వరు ఒక గంట నిద్రపోయినా ఆర్డరు పోదు.

నా దుకాణంలో వెబ్‌హుక్ ఒకసారి ఆగిపోయింది. హ్యాకర్ల నుంచి కాపాడుతుందని పెట్టుకున్న రక్షణ ప్లగిన్, గేట్‌వే సర్వరును కూడా దొంగగానే లెక్కగట్టి వెనక్కి పంపేసింది. మూడు ఆర్డర్లు పెండింగులో పడ్డాక గానీ గమనించలేదు. గేట్‌వే డ్యాష్‌బోర్డులో వెబ్‌హుక్ కబుర్ల జాబితా ఉంటుంది. వారానికి ఒకసారి దానిని చూస్తే విఫలమైనవి తెలిసిపోతాయి. రక్షణ ప్లగిన్‌లో ఆ చిరునామాకు మినహాయింపు ఇవ్వండి. కార్ట్, చెక్‌అవుట్, ఖాతా పుటలకు క్యాషింగ్ ప్లగిన్ (వేగం కోసం పుటల నకళ్లను దాచి చూపేది) నుంచి కూడా మినహాయింపు ఇవ్వండి, లేకపోతే ఒకరి పుట మరొకరికి కనిపించే ప్రమాదం ఉంటుంది.

లింకు కొనుగోలుదారు చేతికి

లింకు రెండు చోట్ల కనిపించాలి: చెల్లింపు ముగిశాక వచ్చే పుటలో ఒకటి, ఈమెయిలులో ఒకటి. హోస్టింగు సర్వరు తనంతట తాను పంపే ఈమెయిళ్లు చాలావరకు స్పామ్‌లోకి పోతాయి. ఒక ఎస్ఎంటీపీ సేవను (ఈమెయిళ్లు పంపడానికే ఉన్న సేవను) అనుసంధానించి, డొమైను రికార్డులలో ఎస్‌పీఎఫ్, డీకిమ్ వివరాలను (ఈమెయిలు నిజంగా మీ డొమైను తరఫునే వచ్చిందని చూపేవాటిని) చేర్చండి. ఈ పనిని తరువాత చూద్దామని వాయిదా వేసినవారికి మొదటి వారంలోనే సగం ఫిర్యాదులు ఇక్కడి నుంచే వస్తాయి. ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం సంస్థల నమోదు వ్యవస్థలో పేరును, సందేశ నమూనాను ముందుగా నమోదు చేయించాలి. వంద రూపాయల పుస్తకానికి అంత తతంగం అనవసరమని నా అభిప్రాయం.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. పిల్లల కోసం తెలుగు అక్షరాల పుస్తకం కొంటున్న తల్లిదండ్రులలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వారు ఒడియా బడిలో చదివినవారు. తమకు రానిది పిల్లలకైనా రావాలనే కొంటారు. అటువంటివారికి ‘ఇక్కడ నొక్కి దించుకోండి’ అని తెలుగులో మాత్రమే రాసి పెడితే ఏం ప్రయోజనం? పుటలోనూ, ఈమెయిలులోనూ తెలుగు వాక్యం కిందనే ఒడియా వాక్యం పెట్టాను; లింకు ఎక్కడుందని అడిగే ఫోన్లు ఆ రోజు నుంచే తగ్గాయి. మీరు సిరోంచ వైపో, కిన్వట్ వైపో ఉండి అమ్ముతుంటే ఆ స్థానంలో మరాఠీ పెట్టుకోండి.

ఈమెయిలు చిరునామాలో అక్షరం తప్పు కొట్టేవారు ప్రతి నెలా ఉంటారు. వూకామర్స్ ఆర్డరులోకి వెళ్లి చిరునామాను సరిదిద్ది, అక్కడి చర్యల జాబితా నుంచి ఈమెయిలును మళ్లీ పంపవచ్చు. ఫోను నంబరు అడగమన్నది ఇందుకే.

ఫైలు దారి తప్పకుండా

గూగుల్ డ్రైవ్ లింకును ఆర్డరు ఈమెయిలులో పెట్టి సరిపెట్టుకోవద్దు. ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న అనుమతితో పెట్టిన ఫైలు ఒక వాట్సాప్ గ్రూపులోకి వెళితే ఇక అది ఊరందరిదీ. వూకామర్స్ తన ఫైళ్లను వేరే ఫోల్డరులో దాచి, ప్రతి కొనుగోలుకు వేరు లింకు ఇస్తుంది. ఆ దాపరికం అపాచీ అనే సర్వరు సాఫ్ట్‌వేరు మీద సరిగా పనిచేస్తుంది. మీ హోస్టింగు ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో సాఫ్ట్‌వేరు మీద నడిస్తే ఆ రక్షణ నియమం వర్తించదు, ఫోల్డరును మూసివేయమని హోస్టింగు వారిని విడిగా అడగాలి. పరీక్ష సులువే. ఫైలు అసలు చిరునామాను నకలు చేసి, లాగిన్ లేని రహస్య విండోలో అతికించండి. ఫైలు తెరుచుకుంటే దుకాణానికి తలుపు లేనట్టే. సెట్టింగులలో ఫైలును అందించే పద్ధతిగా ‘రీడైరెక్ట్ ఓన్లీ’ని ఎంచుకోకండి, అది అసలు చిరునామాను బయటపెడుతుంది.

పీడీఎఫ్‌కు పాస్‌వర్డు పెట్టడం వల్ల కొన్నవారికి విసుగు తప్ప దొంగలకు అడ్డు ఏమీ ఉండదు. దానికి బదులు, కొన్నవారి పేరును ప్రతి పుట అడుగున చిన్న అక్షరాలలో ముద్రించే ప్లగిన్‌లు ఉన్నాయి. తన పేరున్న పుస్తకాన్ని గ్రూపులో పెట్టడానికి ఎవరైనా ఒక క్షణం తటపటాయిస్తారు.

డబ్బు తెగింది, ఫైలు రాలేదు

ఇటువంటి ఫోను వచ్చినప్పుడు ముందు గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఆ చెల్లింపును వెతకండి. క్యాప్చర్ అయి ఉంటే ఆర్డరును మీరే కంప్లీటెడ్‌కు మార్చండి, లింకు వెళ్లిపోతుంది. అక్కడ విఫలమని ఉంటే డబ్బు మీ దగ్గరకు రాలేదని అర్థం. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం, వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో నిలిచిపోతే లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజులలోగా ఆ డబ్బు ఖాతాకు తిరిగి రావాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం చెల్లించాలి. ఈ సంగతిని మర్యాదగా వివరించి చెబితే చాలామంది శాంతిస్తారు. రెండుసార్లు కట్టినవారికి అడగకముందే ఒకదానిని తిరిగి ఇచ్చేయండి. మొదట పోయిన గేట్‌వే రుసుము మాత్రం సాధారణంగా తిరిగి రాదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. ఫిర్యాదులు చూసేవారి పేరును, నంబరును సైటులో పెట్టడం మరువకండి, ఆ పేరు మీదే అయినా సరే.

పన్ను గురించి నాలుగు మాటలు. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి నడిచి వెళ్లవచ్చు గానీ, జీఎస్టీ దృష్టిలో అది మరో రాష్ట్రానికి జరిగిన అమ్మకం. ఫైలు అమ్మకం సేవ కిందికి వస్తుంది. సేవలకు రాష్ట్రం దాటినా ఏడాదికి 20 లక్షల రూపాయల వరకు రిజిస్ట్రేషన్ అక్కరలేకుండా 2017లోనే మినహాయింపు ఇచ్చారు. అదే పన్ను వర్తించే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మితే సాధారణంగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి పుస్తకంతో పాటు అక్షరాల ఆటబొమ్మలు కూడా పార్సిలు చేద్దామనుకొనేవారు ముందుగా చార్టర్డ్ అకౌంటెంటును కలవాలి. ఆదాయపు పన్ను లెక్కలో ఈ రాబడిని ఎలాగూ చూపించాలి.

తెరిచే ముందు

గేట్‌వేలో టెస్ట్, లైవ్ అని రెండు విధానాలు ఉంటాయి. రెండింటికీ కీలు వేరు, వెబ్‌హుక్ కూడా వేరు. టెస్టులో అంతా బాగుందని లైవ్‌కు మారి, అక్కడ వెబ్‌హుక్ పెట్టడం మరిచినవారిని నేను చూశాను. అందువల్ల లైవ్‌కు మారాక ఒక రూపాయి ధరతో తాత్కాలిక ఉత్పత్తిని పెట్టి, మీ ఫోనుతో కాకుండా పక్కింటివారి ఫోనుతో కొనిపించండి. ఒకసారి మామూలుగా కొననివ్వండి. రెండవసారి పిన్ కొట్టగానే బ్రౌజరును పూర్తిగా మూసివేయమనండి. అయినా రెండు నిమిషాలలో ఈమెయిలు వస్తే వెబ్‌హుక్ పనిచేస్తున్నట్టే. మూడవసారి పిన్ తప్పు కొట్టించి, ఫైలు రాకూడదని చూడండి. వారికి తెలుగు చదవడం రాకపోతే మరీ మంచిది; ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని గమనించండి, నోరు మెదపవద్దు. ఆ తరువాత వారి రూపాయలను డ్యాష్‌బోర్డు నుంచే తిరిగి ఇచ్చి, అవి వారి ఖాతాకు చేరాయో లేదో అడిగి తెలుసుకొని, తాత్కాలిక ఉత్పత్తిని తొలగించి, అప్పుడు మీ దుకాణం లింకును పదిమందికీ పంపండి.